ఆస్తమా శాంపిళ్లపై సింగిల్ సెల్ సీక్వెన్సింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

శ్వాసనాళాల జబ్బుల మీద పనిచేసే ల్యాబ్‌లో కొన్నేళ్లుగా సింగిల్ సెల్ ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ వాడుతున్నాను. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలికి అడ్డుపడే దీర్ఘకాలిక జబ్బు), ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండలు) ఉన్నవాళ్ల శాంపిళ్లే ఎక్కువ. ఇది లేకుండా ఈ జబ్బుల్ని అర్థం చేసుకోవడం ఇప్పుడు నా ఊహకి అందదు. అయితే ఇది ఏం చూపిస్తుందో అందరూ చెబుతారు, ఏం వదిలేస్తుందో కొత్తవాళ్లకి ముందే చెప్పేవాళ్లు తక్కువ. ఈ సమీక్ష వాళ్ల కోసమే.

పని క్లుప్తంగా ఇదీ. ఒక్కో కణాన్ని ఒక్కో చిన్న నీటి బొట్టులో పట్టుకుని, దాని ఆర్ఎన్ఏకి (పనిచేసే జన్యువుల నకళ్లకి) ఆ కణం గుర్తుగా ఒక బార్‌కోడ్ తగిలించి, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదువుతాం. ఈ బొట్ల పద్ధతి మీద తొలి పేపర్లు 2015లో వచ్చాయి. అంతకుముందు కణజాలం మొత్తాన్ని కలిపి చదివేవాళ్లం, వచ్చేది సగటే. నూటికి ఒకటి కూడా లేని కణం సగటులో కనబడదు. శ్వాసనాళపు పొరలో అయనోసైట్లు అనే అరుదైన కణాలు 2018లో బయటపడ్డాయంటే ఈ పద్ధతి వల్లే. సిస్టిక్ ఫైబ్రోసిస్‌కి మూలమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు, కణం లెక్కన చూస్తే, వాటిలోనే బాగా ఎక్కువగా పనిచేస్తోందని అప్పుడు తెలిసింది.

రోగనిరోధక కణాల దగ్గర దీని బలం ఇంకా తెలుస్తుంది. జన్యువుల పోలికని బట్టి కణాల్ని చుక్కలుగా పరిచిన మ్యాప్‌లో, అలర్జీ ఆస్తమా శాంపిల్ అయితే, టీ కణాల (ఒక రకం తెల్లరక్తకణాల) గుంపు అంచున ఒక చిన్న ముక్క విడిగా కనిపిస్తుంది. అలర్జీ వాపుని రేపే సంకేత ప్రోటీన్ల జన్యువులు ఐఎల్-5, ఐఎల్-13 రెండూ అందులోనే వెలుగుతాయి. మొత్తం గుంపులో ఆ కాసిన్ని కణాలే అసలు గొడవ చేస్తున్నాయని తెరమీద చూడటం, ఎన్నిసార్లు చూసినా, నాకు ఉత్సాహమే. ఇక్కడొక జాగ్రత్త. ఐఎల్‌సీ2 కణాలు (టీ కణాలు కాకపోయినా అదే పని చేసే మరో రకం రోగనిరోధక కణాలు) కూడా అవే జన్యువులతో సరిగ్గా ఆ పక్కనే వచ్చి కూర్చుంటాయి. మ్యాప్ చూసి పేరు పెట్టకండి. టీ కణాల గుర్తులైన సీడీ3 ఉందా, టీ సెల్ రిసెప్టర్ వరస దొరికిందా చూడండి. కణం పైనున్న ప్రోటీన్లని గుర్తుపట్టే యాంటీబాడీ ట్యాగులు కూడా కలిపితే ఈ తికమక చాలావరకు పోతుంది, ఆ ఖర్చు దండగ కాదు.

ఇక నా పెద్ద ఫిర్యాదు: ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు. ఆస్తమాలో డాక్టర్లు మొట్టమొదట లెక్కపెట్టే కణం ఇదే, ఈ డేటాలో దాదాపు మాయమయ్యేదీ ఇదే. అదే శాంపిల్ ద్రవంలోంచి ఒక చుక్క స్లైడ్ మీద వేసి రంగు పట్టిస్తే, నారింజ ఎరుపు రేణువులతో, రెండు తమ్మెల కేంద్రకంతో ఇసినోఫిల్స్ బారులు తీరి కనిపిస్తాయి. సీక్వెన్సింగ్ ఫలితంలో వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. కారణం వాటి లోపలే ఉంది. వాటిలో ఆర్ఎన్ఏ తక్కువ, పైగా రేణువుల్లోని ప్రోటీన్లలో రెండు స్వయంగా ఆర్ఎన్ఏని కత్తిరించే ఎంజైములు. కణం పగిలితే ఉన్న కాస్తా పోతుంది. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లరక్తకణాలదీ దాదాపు ఇదే కథ. ఫ్రీజ్ చేస్తే అసలే బతకవు, కనీసం 500 జన్యువులు కనిపించిన బొట్లనే ఉంచాలని కటాఫ్ పెడితే మిగిలినవాటిలోనూ పెద్ద వంతు ఖాళీ బొట్ల కింద జమైపోతుంది. అందుకే ప్రతి శాంపిల్‌కీ ఒక స్లైడ్ తప్పనిసరిగా దాచండి. "ఈ రోగిలో ఇసినోఫిల్స్ లేవు" అని సీక్వెన్సింగ్ ఒక్కటీ చూసి రాసిన వాక్యాన్ని నేను నమ్మను.

శాంపిల్ తయారీలో ఎక్కువ టెన్షన్ కఫంతోనే. శ్లేష్మం కరగడానికి డీటీటీ అనే రసాయనం వేయాలి, అది యాంటీబాడీ పట్టుకునే కొన్ని ప్రోటీన్లని దెబ్బతీస్తుంది. బయాప్సీ ముక్కల్ని 37 డిగ్రీల దగ్గర ఎంజైముతో విడగొడితే ఫాస్, జన్ లాంటి ఒత్తిడి జన్యువులు లేచి కూర్చుంటాయి. అది జబ్బు కాదు, మనం పెట్టిన బాధ. నాకైతే ముక్కులో బ్రష్‌తో తీసిన శాంపిలే హాయి.

లెక్కల సంగతి గట్టిగా చెప్పాలి. పదివేల కణాలు చదివాం కదా అని ఒక్కో కణాన్నీ ఒక్కో శాంపిల్‌గా లెక్కిస్తే ప్రతి జన్యువూ ముఖ్యమైనదే అనిపిస్తుంది. నలుగురు రోగులుంటే మీ దగ్గరున్నది నాలుగు శాంపిళ్లే. రోగి వారీగా కణాల్ని కూడి పోల్చండి. ఎన్నో తేడాలు ఆవిరైపోతాయి, మిగిలినవాటి మీద నమ్మకం కుదురుతుంది.

2023లో వచ్చిన హ్యూమన్ లంగ్ సెల్ అట్లాస్ (ఊపిరితిత్తుల కణాల ఉమ్మడి పటం) ఈ పనిని బాగా తేలిక చేసింది. 486 మంది నుంచి 24 లక్షల కణాలు ఒకేచోట ఉన్నాయి. మన కణాలకి దాన్నిబట్టి పేర్లు పెట్టడం నిమిషాల పని. కాకపోతే జబ్బులో మాత్రమే పుట్టే స్థితికి కూడా ఏదో ఒక తెలిసిన పేరు అంటగడుతుంది. పేరు ఎంత బాగా సరిపోయిందో చెప్పే స్కోరు తక్కువ వచ్చిన కణాల్ని చేత్తో చూడాల్సిందే, నాకు ఆసక్తికరమైనవి ఎక్కువగా అక్కడే దొరికాయి.

ఎవరికి పనికొస్తుంది? ఐఎల్-5ని అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇవ్వాలా వద్దా అన్నదే మీ ప్రశ్నయితే, రక్తంలో ఇసినోఫిల్స్ లెక్కతో మొదలెట్టండి, దీని జోలికి రావద్దు. ఆ మందు వేశాక ఇసినోఫిల్స్ పడిపోయినా ఆయాసం తగ్గని మనిషి ఎదురుగా ఉంటే, శ్వాసనాళంలో ఇంకే కణాలు పనిచేస్తున్నాయో వెతకడానికి నేను ముందుగా చేపట్టేది ఇదే.