ఇత్తడి డ్రిప్ ఆయిలర్: కొనేముందు అడుగున బాల్ ఉందో లేదో చూడండి

ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఫెయిర్‌బ్యాంక్స్ మోర్స్, స్టోవర్ లాంటి పాత అమెరికన్ పెట్రోలు ఇంజన్లను మొదటిసారి చూసినవాళ్లు సిలిండర్ నెత్తిన ఉన్న గాజు గిన్నెను చాలాసార్లు ఫ్యూయల్ ఫిల్టర్ అనుకుంటారు. ఫిల్టర్‌కు లోపలికొక దారి, బయటికొక దారి ఉంటాయి. దీనికి అడుగున ఒక్కటే దారి. గిన్నె కింద చిన్న గాజు కిటికీ, పైన వాల్చి లేపే లీవర్ కూడా కనిపిస్తే అది డ్రిప్ ఆయిలరే. పిస్టన్‌కు చుక్కచుక్కగా ఆయిల్ అందించేది అదే. బేరింగుల మీద ఉండే గ్రీజు కప్పులకు గాజు ఉండదు, మూత తిప్పితే గ్రీజు లోపలికి దిగుతుంది. చిన్న గిన్నెకు ట్యాపు ఉంటే అది ప్రైమింగ్ కప్పు. స్టార్ట్ చేసేటప్పుడు అందులో కాస్త పెట్రోలు పోస్తారు.

ఈ ఆయిలర్లకు ఇప్పుడు కొత్త కాపీలు వస్తున్నాయి. చూపుకి బాగుంటాయి: ఇత్తడి మెరుపు, శుభ్రమైన గాజు. అసలు చూడాల్సింది మాత్రం లోపల, కిటికీ కింద ఉంటుంది. ఇంజను నడుస్తుంటే పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన గ్యాసు ఆయిల్ రంధ్రంలోంచి పైకి తంతుంది. సిలిండర్ కోసం చేసిన ఆయిలర్‌లో దీన్ని ఆపడానికి ఒక చిన్న బాల్ ఉంటుంది. గ్యాసు తన్నగానే బాల్ లేచి దారి మూస్తుంది, ఒత్తిడి తగ్గగానే కిందికి జారి ఆయిల్‌ను వదులుతుంది. బేరింగ్ కోసం చేసిన ఆయిలర్‌కు బాల్ అక్కర్లేదు. అలంకారానికి చేసిన కాపీల్లోనూ అది ఉండదు. అలాంటిదాన్ని సిలిండర్ మీద బిగిస్తే కిటికీలో బుడగలు లేస్తాయి, గాజంతా ఆయిల్ చిమ్ముతుంది, చుక్కల లెక్క తప్పుతుంది. గిన్నె నిండుగానే ఉంటుంది, పిస్టన్ మాత్రం ఎండిపోతుంది.

పరీక్ష తేలిక. గిన్నె ఖాళీ చేసి, మూత తెరిచి, లీవర్‌ను నిలబెట్టండి. ఆయిలర్‌ను నిటారుగా పట్టుకుని కింది గొట్టంలోంచి గట్టిగా ఊదండి. గాలి ఆగిపోతే బాల్ ఉంది, పనిచేస్తోంది. లీవర్ వాల్చి ఊదితే లోపలి సూదే దారి మూసేస్తుంది కాబట్టి ఆ పరీక్షకు అర్థం లేదు. నిటారుగా పట్టుకుని మెల్లగా ఊపినా బాల్ టకటకమనడం వినిపిస్తుంది. పాత సరుకులో ఎండిన ఆయిల్ జిగురుకి బాల్ అతుక్కుపోయి చప్పుడు రాకపోవచ్చు. కిరసనాయిల్లో నానబెట్టి మళ్లీ చూడండి.

రెండో చిక్కు త్రెడ్‌తో. అమెరికన్ ఇంజన్లకు ఎన్‌పీటీ (అమెరికన్ పైపు త్రెడ్), మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే నిపుళ్లూ రెడ్యూసర్లూ బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు త్రెడ్). పావు అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బయటి కొలత 13.7 మిల్లీమీటర్లు. బీఎస్‌పీకి 19 చుట్లు, 13.2 మిల్లీమీటర్లు. అందుకే రెండు మూడు చుట్లు చక్కగా పట్టి ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ పానా పెట్టి బలవంతం చేస్తే పాడయ్యేది వందేళ్ల నాటి సిలిండర్ పోతలోని త్రెడ్. ముందే త్రెడ్ గేజ్ పెట్టి చూసుకోండి.

బిగించేటప్పుడు పానాను అడుగున ఉన్న ఆరు పలకల మీదే వేయాలి. గిన్నె పట్టుకుని తిప్పితే గాజు పగులుతుంది. టెఫ్లాన్ టేపు వద్దు, దాని పీచు ఆయిల్ దారిలోకి చేరుతుంది. మొదటి చుట్టు వదిలేసి మిగతా వాటికి పలచగా త్రెడ్ సీలింగ్ పేస్టు రాస్తే చాలు. చవక కాపీల్లో గాజు బదులు ప్లాస్టిక్ వస్తోంది. అంచు మీద గోటితో కొడితే తెలిసిపోతుంది, అలాంటివి వదిలేయండి. కార్క్ వాషర్ ఎండి ఉంటే మార్చుకోవచ్చు, అదేమంత లోపం కాదు.

చుక్కల వేగాన్ని లీవర్ కింది గరుకు నట్టుతో సరిచేస్తారు. అశ్వశక్తి రెండు మూడు దాటని ఇంజనుకు నిమిషానికి 10 చుక్కల దగ్గర మొదలుపెట్టి, ఇంజను వేడెక్కాక మళ్లీ లెక్కపెట్టండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి తక్కువ రాలుతుంది. పొగ నీలంగా వస్తే తగ్గించాలి. సిలిండర్ తెరిచి ఉన్న వైపు పిస్టన్ పొడిగా కనిపిస్తే వెంటనే పెంచాలి. 30 గ్రేడు ఇంజనాయిల్ సరిపోతుంది.

ధర కాస్త ఎక్కువైనా, సిన్సినాటిలో తయారైన లంకెన్‌హైమర్ లేదా పావెల్ పాత ఆయిలర్ దొరికితే నా ఓటు దానికే. ఆ ఇత్తడి పోత మందంగా ఉంటుంది, లీవర్ టక్కున నిలబడుతుంది, గాజూ వాషరూ మార్చుకుంటే మళ్లీ పనిలోకి వస్తుంది. కాపీల్లో బాల్ ఉన్నదైతే కొనండి, లేనిది బేరింగ్ మీదకే. ఏది పెట్టినా ఇంజను ఆపగానే లీవర్ వాల్చేయండి, లేకపోతే గిన్నెడు ఆయిలూ సిలిండర్లోంచి నేల మీదకొస్తుంది.