నెత్తిన ఇల్లు, పక్కన బావమరిది: రూఫ్‌టాప్ టెంటుతో నాలుగేళ్ళు

ఉద్యోగం మీద బోట్స్వానా రాజధాని గాబరోన్ వచ్చిన మొదటి ఏడాదే, ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న పొరుగాయన దగ్గర ఈ టెంటు 9,000 పూలాలకి (ఇక్కడి డబ్బు) కొన్నాను. బండి కప్పు మీద బిగించే మడత టెంటు. విప్పితే పరుపుతో సహా ఒక గది, ఎక్కడానికి నిచ్చెన. బండి నాలుగు చక్రాలకీ లాగే డబుల్ క్యాబ్ పికప్, ఇక్కడివాళ్ళ మాటలో బకీ. ఇప్పటికి 70 రాత్రుళ్ళకి పైగా ఆ టెంటులో పడుకున్నాను. వాటిలో 19 కిందటేడు జులైలో, ఒకే ప్రయాణంలో, గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిదితో. అంతకుముందు ఒక్కణ్ణీ, ఆఫీసు స్నేహితులతోనూ తిరిగినప్పుడు తెలియని సంగతులు ఆ 19 రాత్రుల్లో తెలిశాయి.

దారి ఇదీ: గాబరోన్ నుంచి కలహారీ మీదుగా ఘాంజీ, మమూనో దగ్గర నమీబియా సరిహద్దు దాటి విండ్‌హుక్, అక్కణ్ణించి సెస్రియెమ్ ఇసుక కొండలు, సముద్రతీరాన స్వాకొప్‌మున్డ్, ఎటోషా జంతువుల పార్కు, రున్డు, నమీబియా తోకలా సాగే ఈశాన్యపు ముక్క, ఎన్‌గోమా వంతెన, కసానే, నాటా, మళ్ళీ ఇల్లు. మొత్తం 4,900 కిలోమీటర్లు. బోట్స్వానాలోనూ నమీబియాలోనూ మనలాగే ఎడమవైపే నడపాలి, కాబట్టి స్టీరింగు మావాడికి ఇవ్వడానికి నాకు భయం వెయ్యలేదు. అతని భయమంతా రోడ్డు ఖాళీగా ఉండటం. "బావా, గంట నుంచి ఎదురుగా ఒక్క బండి రాలేదు. దారి తప్పామేమో చూడు" అని కలహారీలో మూడుసార్లు ఆపించాడు. ఖాళీగా ఉందని తొక్కకూడదు. గాడిదలు, ఆవులు రోడ్డు మీదే తీరిగ్గా నిలబడి ఉంటాయి. పొద్దు గూకాక నడపనే కూడదు.

ఇక టెంటు. మొదటి రాత్రి ఘాంజీ దగ్గర చలి సున్నా కిందకి పోయింది. జులై అంటే ఇక్కడ నడి చలికాలం. పగలు చొక్కా చాలు, రాత్రి రెండు రగ్గులు చాలవు. నేల మీద పడుకుంటే వీపు గడ్డకట్టేది, పైన ఆ బాధ లేదు. పరుపు బాగుంది. నాలుగేళ్ళయినా కుంగలేదు. కాన్వాసు మందం, వాన ఒక్కసారి కూడా కారలేదు. వెడల్పు 1.4 మీటర్లు. ఇద్దరికి సరిపోతుందని అమ్మేవాళ్ళు చెప్పే మాట భార్యాభర్తల లెక్క. బావా బావమరుదులకి ఆ లెక్క కుదరదు. ఒకరు పక్కకి ఒత్తిగిలితే బండి మొత్తం ఊగుతుంది.

దీని అసలు లోపం సెస్రియెమ్‌లో బయటపడింది. అక్కడ పార్కు లోపలి క్యాంపులో దిగినవాళ్ళని సూర్యోదయానికి గంట ముందే లోపలికి వదులుతారు. ఎండ పడేలోపు ఇసుక కొండల నడుమ ఉన్న సోసస్‌వ్లే మడుగు చేరాలంటే అదొక్కటే దారి. పక్క టెంటువాళ్ళు తమ టెంటు నేల మీద అలాగే వదిలి బండెక్కి వెళ్ళిపోయారు. మేం మాత్రం చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే, ఇల్లు మడిచాం. నిచ్చెన జరిపి, కాన్వాసు లోపలికి తోసి, కవరు లాగి, పట్టీలు బిగించాలి. ఇద్దరికి పన్నెండు నిమిషాలు, ఒంటరిగా అయితే ఇరవై అయిదు. "ఎక్కడికి కదలాలన్నా ఇల్లు పీక్కుని వెళ్ళాలా బావా, ఇదేం సంసారం?" అన్నాడు. నాలుగేళ్ళుగా నాకు తట్టని మాట. ఒక్కచోటే మూడు రోజులుండి చుట్టుపక్కల తిరిగేవాళ్ళకి ఈ టెంటు శిక్ష. రోజుకో ఊరు మారేవాళ్ళకే పనికొస్తుంది.

గేటు నుంచి 60 కిలోమీటర్లు తారు రోడ్డు, చివరి అయిదు కిలోమీటర్లు మెత్తటి ఇసుక. టైర్లలో గాలి 1.2 బార్‌కి దింపాం. దింపనివాళ్ళు ఇద్దరు దారిలో కూరుకుపోయి ఉన్నారు. అక్కడే నెత్తి మీది 60 కిలోల బరువు తెలిసింది: వంపు తిరిగినప్పుడల్లా బండి ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ పక్కనే ఉన్న ఎండిన మడుగు డెడ్‌వ్లేలో ఎప్పుడో వందల ఏళ్ళ కింద ఎండి, కుళ్ళకుండా నల్లగా మిగిలిన చెట్ల మధ్య మావాడు పావుగంట మాట్లాడకుండా నిలబడ్డాడు. అతను అంతసేపు మాట్లాడకపోవడం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

కంకర రోడ్లు సిమెంటు రేకులా అలలు అలలుగా ఉంటాయి. 80 దాటకుండా, గాలి 1.8కి తగ్గించి నడిపినా సాలిటేర్ చేరేలోపు ఒక టైరు పక్కగోడ చీలింది. అది అతుకు వేసే దెబ్బ కాదు. రెండో స్పేరు ఉండబట్టి ధైర్యంగా ముందుకెళ్ళాం. టెంటుకి పెట్టే డబ్బులో సగం ముందు రెండో స్పేరుకీ, సిగరెట్ లైటర్‌కి తగిలించే గాలి పంపుకీ పెట్టమని ఎవరడిగినా చెబుతాను. సాలిటేర్‌లో తుప్పుపట్టిన పాత కార్లు, పెట్రోలు బంకు, యాపిల్ పై. మావాడు రెండు ముక్కలు తిని, తీపి తక్కువన్నాడు.

స్వాకొప్‌మున్డ్‌లో టెంటు పాడైంది. చల్లటి బెంగ్వేలా ప్రవాహం వల్ల ఆ తీరమంతా పొద్దున్నే పొగమంచు. తడి కాన్వాసునే మడిచి కదిలాం, మర్నాడు సాయంత్రం ఎటోషాలో విప్పేసరికి ముక్కిన వాసన. ఎండకి ఆరబెట్టకపోవడం నా బద్ధకం. ఒక మూల పడిన బూజు మచ్చలు ఇప్పటికీ పోలేదు. జిప్పులు కూడా దుమ్ముకి బిగుసుకున్నాయి. కొవ్వొత్తి రుద్దితే నెల రోజులు కదులుతాయి, తర్వాత మామూలే.

ఎటోషాలో ఒకౌకుయేయో క్యాంపుకి ఆనుకుని దీపాలు పెట్టిన నీటిగుంట ఉంది. రాత్రి నడిచి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటే చాలు. ఖడ్గమృగం వచ్చి నీళ్ళు తాగి వెళ్ళింది. టెంటుతో పనే లేదు. అన్నట్టు, నమీబియా దారి పొడుగునా చెట్ల మీద, స్తంభాల మీద గడ్డివాముల్లాంటి గూళ్ళు కనిపిస్తాయి. మన గిజిగాడి చుట్టాలే, కాకపోతే ఇవి వందల కొద్దీ ఒకే కప్పు కింద కాపురం ఉంటాయి. మా 1.4 మీటర్ల గురించి మావాడు అక్కడ కూడా ఒక మాట అన్నాడు.

రున్డు దారిలో మురురానీ దగ్గర, పశువుల రోగాలు పాకకుండా వేసిన కంచె గేటు దాటితే దేశం మారిపోయినట్టే. అప్పటిదాకా పెద్ద పెద్ద ఫారాలు, అక్కణ్ణించి రోడ్డు పక్కనే గుడిసెలు, మేకలు, బడి పిల్లలు. అక్కడ మహాంగు అని తినేది మన సజ్జలే. దాంతో చేసేది అచ్చం మన సంకటి. మావాడు ఆవకాయ నంజుకుని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఎన్‌గోమా సరిహద్దులో గాలికుంటు వ్యాధి భయంతో చెప్పులు మందునీళ్ళలో ముంచమన్నారు, పచ్చి మాంసం ఉందా అని బండిలోని ఫ్రిజ్ తెరిపించారు. ఆఫీసరమ్మ ఆవకాయ సీసా మూత తీయించి, వాసన చూసి, తనే మూత పెట్టేసింది. నలభై లీటర్ల ఆ ఫ్రిజ్, దానికి వేరే బ్యాటరీ: ఈ మొత్తం సరంజామాలో నాకు వంక దొరకనిది అదొక్కటే. బోట్స్వానాలో మదీలా అని పుల్లటి పెరుగు ప్యాకెట్లలో దొరుకుతుంది. దాంతో రోజూ పెరుగన్నం.

చోబే నది ఒడ్డున ఇహాహా క్యాంపుకి కంచె లేదు. ఈ టెంటు కొన్నందుకు నేను సంతోషించిన చోటు అదే. రాత్రి ఏనుగులు కొమ్మలు విరుస్తున్న చప్పుడు, హైనా అరుపు. నేల మీద అయితే నిద్ర పట్టేది కాదు. పైనా పట్టలేదనుకోండి, అది వేరే కారణం. తెల్లారేదాకా నిచ్చెన దిగకూడదని ఒట్టు పెట్టుకున్నాం కదా, మావాడు సాయంత్రం మూడు గ్లాసుల టీ తాగాడు. రెండింటికి లేచి కూర్చుని, "బావా, సింహాలు ఎన్నింటికి పడుకుంటాయి?" అని అడిగాడు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి ఎప్పుడూ పైన పెట్టుకోండి. ఇంతకన్నా వివరంగా చెప్పను.

టెంటు అమ్మే ఉద్దేశం లేదు. జిప్పులు మార్పించాలి. పైన బరువు వల్ల డీజిలు కాస్త ఎక్కువే తాగుతోంది, అది భరిస్తున్నాను. ఒంటరిగా తిరిగేవాళ్ళు మాత్రం కొనకండి. మడిచేటప్పుడు రెండో వైపు పట్టీ లాగడానికి, "ఇదేం సంసారం" అని తిడుతూనే లాగడానికి, ఒక మనిషి కావాలి. మావాడు వచ్చే ఆగస్టులో మళ్ళీ వస్తాడట. ఈసారి నేల మీద వేసుకునే చిన్న టెంటు తనకి వేరుగా తెచ్చుకుంటాడట. చోబేలో మాత్రం పైకే వస్తానన్నాడు.