బరంపురం తోటలో కంటైనర్ గది: ఏడేళ్ల వాడకం తర్వాత

2018 మార్చిలో విశాఖ నుంచి పాత 40 అడుగుల కంటైనర్ ఒకటి తెప్పించి, గోపాల్‌పూర్ దారిలో ఉన్న మా జీడితోటలో పెట్టాను. సగం ఆఫీసు, సగం పడకగది. ట్రైలర్ సందులోకి తిరగలేదు. రోడ్డు మీదే దింపి, రెండు హైడ్రా క్రేన్లతో లోపలికి మోయించాం.

ఏప్రిల్ మధ్యాహ్నం మా అమ్మ లోపల కాలు పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది. “ఒరే, ఇందులో పడుకుంటే అప్పడాల్లా వేగిపోతాం రా” అంది. నిజమే. జూన్‌లో దాని మీద గాలాడేలా రెండడుగుల ఎత్తున రేకుల పందిరి వేయించాక గానీ మధ్యాహ్నం కూర్చోడానికి కుదరలేదు.

అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. పందిరి రేకులు పక్క తోటలో దొరికాయి. పెట్టె మాత్రం కదల్లేదు. నాలుగు మూలలూ కాంక్రీటు దిమ్మెల్లోని ఉక్కు పలకలకి ముందే వెల్డింగ్ చేయించాం. తుఫాను రాత్రంతా కాపలా అతని పిల్లలు అందులోనే నిద్రపోయారు. ఆ ఒక్క రాత్రికే పెట్టిన డబ్బు చెల్లిపోయిందనుకున్నాను.

జనవరిలో ఓ తెల్లవారుజామున లెక్కల పుస్తకం మీద టపటపా చుక్కలు. బయట వాన లేదు. ప్లైవుడ్ పలక విప్పి చూస్తే వెనక రేకు చెమట పట్టి కారుతోంది, వేడి ఆపడానికి మధ్యలో నింపిన గ్లాస్‌వూల్ (గాజు దూది) పిండితే నీళ్లొచ్చేలా ఉంది. మొత్తం పీకించి, రేకుకి అంటుకుపోయే స్ప్రే ఫోమ్ కొట్టించాను. మొదటే చేసుంటే ఒక ఖర్చు తప్పేది.

పెద్ద తప్పు కిటికీ. సముద్రపు గాలి కోసం పొడుగు గోడని 12 అడుగులు కోయించాను. సాయంత్రానికి పై అంచు వంగి, తలుపు గడియలు పట్టడం మానేశాయి. ఆ ముడతల రేకు గోడలే పెట్టెకి బిగువని అప్పుడు అర్థమైంది. కోసిన చోట చుట్టూ బాక్స్ పైపు ఫ్రేము కట్టించాల్సి వచ్చింది. మా తమ్ముడు ఖతార్‌లో 974 కంటైనర్లతో కట్టిన స్టేడియం ఫోటో పంపి “చూడు, నువ్వు ఒక్కదానికే ఆపసోపాలు పడ్డావు” అన్నాడు. అక్కడా పెట్టెలు వేరే ఉక్కు చట్రంలో కూర్చున్నాయిరా అని చెప్పాను.

నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పురుగు పట్టకుండా మందు పట్టించి ఉంటుంది, ఆ మందు పేరు తలుపు మీది ప్లేటులోనే రాస్తారు. మేం పట్టించుకోకుండా పైన వినైల్ పరిచేశాం. ఆ మందు మనుషులకీ మంచిది కాకపోవచ్చు, ఈసారైతే ఆ నేల పీకించేస్తాను.

తుప్పు సంగతి అమ్మేవాళ్లు సరిగా చెప్పరు. ఈ ఉక్కు మీద పట్టిన పలచని తుప్పే దానికి కవచం అంటారు. ఉప్పుగాలిలో ఆ పొర నిలవదు. కోసిన అంచులూ, నేలకి దగ్గరగా ఉన్న పట్టీలూ రెండేళ్లకోసారి గోకించి, ఎపాక్సీ ప్రైమర్ వేయిస్తున్నాను.

కొనేవాళ్లు 9.5 అడుగుల ఎత్తున్న హైక్యూబ్ అడగండి. మాది 8.5 అడుగులది. ఫోమ్, పలకలు పోగా చెయ్యెత్తితే కప్పు తగులుతుంది, సీలింగ్ ఫ్యానుకి చోటు లేదు. అమ్మ ఇప్పటికీ బయటే మంచం వేయించుకుంటుంది.