మెరిసిందా, తళుక్కుమందా?

అనంతపురంలో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేటప్పుడు 'ఫ్లాష్' అనే క్రియ దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. 'మెరిసింది' అని రాయించాలా, 'తళుక్కుమంది' అని రాయించాలా?

ఆకాశంలో మెరుపైతే సందేహం లేదు, మెరిసింది అనే అంటాం. మనసులో ఆలోచన మెరిసింది అన్నా చక్కగా అతుకుతుంది. కానీ ఈ మాటకు ఒక చిక్కుంది. తోమిన ఇత్తడి చెంబు రోజంతా మెరుస్తుంది, పరీక్షల్లో పిల్లలూ మెరుస్తారు. ఫ్లాష్‌లో ఆ నిలకడ లేదు, అది క్షణంలో వచ్చి పోయే వెలుగు.

ఆ క్షణం 'తళుక్కుమంది'లో ఉంది. తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా. తడిసిన మట్టిలో ఎండ పడి ఒక రాయి తళుక్కుమంటుంది. తల కాస్త తిప్పితే ఆ వెలుగు ఉండదు. నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. సినిమాలో ఒక్క సీన్‌లో కనిపించి వెళ్లే నటికీ పేపర్లు ఇదే మాట వాడతాయి.

అందుకే వెలుగు విషయంలో నా ఓటు తళుక్కుమనడానికే.

ఇంగ్లిష్‌లో ఫ్లాష్ అనే కొన్ని చోట్ల మాత్రం ఈ రెండు మాటలూ పనికిరావు. పోలీసు కార్డును చటుక్కున చూపిస్తాడు. వాగుకు వచ్చేది ఆకస్మిక వరద. నలభై నాలుగో హైవే మీద లారీ డ్రైవర్ లైట్లు కొడతాడు, అంతే.