బ్యూట్ కొండ: సొరంగాలు మేలా, ఓపెన్‌కాస్ట్ మేలా?

గనిని సొరంగాలు వేసి తవ్వడం మంచిదా, పైనుంచి గొయ్యి తవ్వుకుంటూ పోవడం మంచిదా అన్న మాట వచ్చినప్పుడు సాధారణంగా రెండు వేర్వేరు గనులను తెచ్చి పోలుస్తారు. ఒకచోట రాయి గట్టిది, ఇంకోచోట మెత్తనిది. ఒకచోట నీటి ఊట ఎక్కువ, ఇంకోచోట అసలు లేదు. అలా పోలిస్తే ఏదీ తేలదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బ్యూట్ అనే ఊరుంది. అక్కడ ఒకే కొండను రెండు రకాలుగానూ తవ్వారు. మొదట డెబ్బై ఏళ్లకు పైగా సొరంగాలు, తర్వాత 1955 నుంచి 1982 దాకా బర్కిలీ పిట్ అనే ఓపెన్‌కాస్ట్ గని. రాయి అదే, నీరు అదే, ఊరూ అదే. కాబట్టి తేడా ఎక్కడుందో అక్కడే చూద్దాం.

ముందు ఆ కొండ ఎలా తయారైందో తెలియాలి, ఎందుకంటే సగం జవాబు అందులోనే ఉంది. సుమారు 7.6 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో శిలాద్రవం చల్లబడి గ్రానైట్ లాంటి రాయిగా గట్టిపడింది. దాన్ని బౌల్డర్ బాథోలిత్ అంటారు. అది జరిగిన కోటి ఏళ్లకు కింద నుంచి మళ్లీ వేడి పుట్టింది. ఖనిజాలు కరిగి ఉన్న వేడినీళ్లు సన్నని పగుళ్లలోంచి పైకి వస్తూ రాయంతటా రాగిని, మాలిబ్డినాన్ని నూలుపోగుల్లా పరిచాయి. మరికొన్ని పదుల లక్షల ఏళ్లకు ఈసారి పెద్ద పగుళ్లు తెరుచుకున్నాయి. వాటిలో ఖనిజం మందమైన సిరలుగా పేరుకుంది. కొండ నడుమ రాగి, దాని చుట్టూ జింకు, అంచుల్లో మాంగనీసు, వెండి. బంగారం అక్కడక్కడా కొద్దిగా.

అంటే ఒకే కొండలో రెండు రకాల ఖనిజం ఉంది. సిరల్లో చిక్కగా ఉన్నది ఒకటి, రాయంతటా పలచగా పరుచుకున్నది మరొకటి. సొరంగం వల్ల మొదటిది దొరుకుతుంది. రెండోదాన్ని సొరంగాలతో ఏరుకోవాలంటే జీవితకాలం చాలదు.

మనుషులు మాత్రం ఈ వరసలో రాలేదు. 1864లో సిల్వర్ బో వాగు ఇసుకలో బంగారం కడిగారు. అది కొన్నేళ్లకే అయిపోయింది. 1870ల్లో కొండ పైభాగంలో వెండి దొరికింది. వాననీరు లక్షల ఏళ్లుగా పైరాతిలోని రాగిని కడిగి కిందికి దించేసింది, వెండి మాత్రం పైన మిగిలింది. అందుకే గని వ్యాపారి మార్కస్ డాలీ అనకొండ గనిని వెండి కోసమే కొన్నాడు. 1882లో సుమారు 90 మీటర్ల లోతుకు వెళ్లేసరికి చాల్కోసైట్ అనే రాగి ఖనిజం సిర బయటపడింది. చాల్కోసైట్ ముక్కను చేతిలోకి తీసుకుంటే దాని బరువే ముందు తెలుస్తుంది. సీసం రంగు, కత్తి దిగేంత మెత్తదనం, తూకంలో దాదాపు 80 శాతం రాగి. అదే ఏడాది న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ప్రపంచానికి రాగి తీగ కావాల్సిన రోజే బ్యూట్‌లో రాగి బయటపడింది.

సొరంగాల పద్ధతిలో నాకు నచ్చేది దాని పొదుపు. సిర ఎటు పోతే అటే తవ్వుతారు, పక్కనున్న వట్టి రాయిని చాలావరకు అలాగే వదిలేస్తారు. అలా తవ్వాలంటే సిర ఎక్కడ తెగిందో, తెగిన ముక్క ఎటు జరిగిందో తెలియాలి. అందుకోసం అనకొండ కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలు ప్రతి సొరంగాన్నీ అడుగడుగునా మ్యాపుల్లోకి ఎక్కించారు. రెనో సేల్స్ పేరు ఈ పనితోనే నిలిచింది. గని భూగర్భ శాస్త్రం ఒక వృత్తిగా నిలబడటానికి ఆ మ్యాపులే పునాది అని నా నమ్మకం. పైన ఊరు ఊరుగానే ఉంది. ఇళ్ల మధ్యే గని షాఫ్టుల, అంటే కిందికి దిగే నిలువు బావుల, ఇనుప చట్రాలు నిలబడి ఉండేవి, షిఫ్టు దిగిన కార్మికుడు నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు.

కానీ ఆ పొదుపు ఖరీదు మనుషులు కట్టారు. 1917 జూన్ 8 రాత్రి గ్రానైట్ మౌంటెన్ షాఫ్టులో కరెంటు కేబుల్ దింపుతుంటే అది జారి పడింది. కేబుల్‌పై నూనెలో తడిపిన గుడ్డ పొర ఉంది, దెబ్బకు అది చిరిగింది. చూడటానికి దిగినవాళ్లలో ఒకరి కార్బైడ్ దీపం మంట ఆ గుడ్డకు తగిలింది. గాలి రావడానికి ఉన్న దారిలోనే పొగ నిండింది, పక్క గనుల్లోకీ పాకింది. 168 మంది చనిపోయారు. మానస్ డగ్గన్ అనే కార్మికుడు 29 మందిని ఒక సొరంగం చివరికి తీసుకుపోయి, చెక్కలు, మట్టి, ఒంటిమీది బట్టలతో అడ్డుగోడ కట్టించాడు. వాళ్లలో 25 మంది బతికి బయటికొచ్చారు. డగ్గన్ రాలేదు. గర్భవతిగా ఉన్న భార్యకు లోపల రాసిన చీటీలు మాత్రం వచ్చాయి. ఇది ఒక్క రాత్రి సంగతి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తరబడి మెల్లగా పోయినవాళ్ల కథ ఎంతో పెద్దది. సిలికోసిస్ వార్త కాదు, అందుకే ఎవరికీ గుర్తుండదు.

ఈ ఒక్క కొలతతో చూస్తే ఓపెన్‌కాస్ట్ కచ్చితంగా మేలు. ఆకాశం కింద పని, పొగ వచ్చినా పోవడానికి చోటు. పైగా సొరంగాలు వదిలేసిన పలచటి ఖనిజం కూడా చేతికొస్తుంది. 1950ల నాటికి మంచి సిరలు చాలావరకు లోతుకు పోయాయి, తవ్వడానికి ఖర్చు పెరిగింది. పెద్ద ట్రక్కులు, యంత్రపు పారలు వచ్చాక ఒక శాతం రాగి కూడా లేని రాయి సైతం గిట్టుబాటు అయింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. బర్కిలీ పిట్‌లో మొత్తం సుమారు 150 కోట్ల టన్నులు తవ్వితే అందులో రాగి ఖనిజం 29 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే టన్ను ఖనిజం కోసం ఇంకో నాలుగు టన్నులు తవ్వి పక్కన పోయాలి. ఆ టన్నులోనూ రాగి పది కిలోలు ఉండదు. మిగతాదంతా ఎక్కడో ఒకచోట కుప్పగా ఉండాల్సిందే. గొయ్యి వెడల్పయ్యే కొద్దీ ఊరు కరిగింది. ఇటలీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే మీడర్‌విల్, పక్కనున్న మెక్వీన్ పూర్తిగా పోయాయి. పిల్లలు ఆడుకున్న కొలంబియా గార్డెన్స్ పార్కు 1973లో మూతపడింది. సొరంగం కింద పని చేసిన ఊరికి ఇల్లు మిగిలింది, గొయ్యి పక్కన పని చేసిన ఊరికి అదీ మిగల్లేదు.

ఇక నీటి సంగతి. 1982లో గని ఆపారు, లోతుల్లో తిరుగుతున్న పంపులనూ ఆపారు. నీరు మెల్లగా పైకి వచ్చి గొయ్యిలో నిండటం మొదలైంది. కొండ రాతిలో పైరైట్ అనే, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంది. గాలి, నీరు తగిలితే పైరైట్ నుంచి సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాతిలోని రాగిని, జింకును, ఆర్సెనిక్‌ను కరిగించి నీటిలో కలుపుతుంది. ఒక దశలో ఆ చెరువు పీహెచ్ 2.5 దగ్గర ఉంది, నిమ్మరసం పులుపుకు దగ్గర. 1995 నవంబరులో దానిపై వాలిన 342 మంచు బాతులు చనిపోయాయి. 2016లో మళ్లీ, ఈసారి వేలల్లో.

ఈ చెరువును చూపించి ఓపెన్‌కాస్ట్‌ను తప్పుపట్టడం తేలిక. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ని. కానీ ఆ నీటిలో చాలావరకు సొరంగాల్లోంచే గొయ్యిలోకి చేరింది. వేల కిలోమీటర్ల సొరంగాలు ఆ కొండను జల్లెడ చేసి పెట్టాయి. వాటి గోడల్లోనూ పైరైట్ ఉంది, గాలీ తగిలింది. పంపులు తిరిగినన్నాళ్లు ఆ చెడు కనబడలేదు, అంతే. గొయ్యి లేకపోయినా ఆ నీరు లోపల చేరేదే, మనకు కనిపించేది కాదు.

1950ల్లో కెల్లీ గనిలో మూడో దారి కూడా పట్టారు, బ్లాక్ కేవింగ్. ఖనిజం అడుగున రాయి తీసేస్తే పైదంతా తన బరువుతో తానే విరిగి దిగుతుంది, కింద నుంచి లాగేసుకుంటారు. చవక, కానీ పైనేల కుంగుతుంది. ఊరు కిందనే ఉన్న గనికి ఇది పనికొచ్చేది కాదని నా అభిప్రాయం.

నన్ను అడిగితే, ఖనిజం మందమైన సిరల్లో ఉంటే సొరంగమే మేలు. గాలికి రెండో దారి, దుమ్ము లేవకుండా నీటితో తడుపుతూ రాయిని తొలిచే తడి డ్రిల్లింగ్, తీసిన చోట రాయి తిరిగి నింపడం, ఈ మూడూ ఉంటేనే. 1917లో అవన్నీ ఉండుంటే ఆ రాత్రి లెక్క వేరుగా ఉండేది. ఖనిజం రాయంతటా పలచగా ఉంటే ఓపెన్‌కాస్ట్ తప్ప దారి లేదు. బ్యూట్‌లోనే, బర్కిలీ పక్కన, కాంటినెంటల్ పిట్‌లో 1986 నుంచి అలాంటి రాయినే తవ్వుతున్నారు. కానీ మొదటి ట్రక్కు దిగకముందే నీటి ఖర్చు లెక్కలోకి రావాలి. బర్కిలీ నీరు సముద్రమట్టానికి 5,410 అడుగుల ఎత్తు దాటకూడదని గీత గీశారు. దాటితే కలుషిత నీరు చుట్టుపక్కల భూగర్భ జలాల్లోకి, వాగులోకి పారుతుంది. నీటిని శుద్ధి చేసే ప్లాంటు 2003లో కట్టారు, 2019 నుంచి చెరువు నీటినే తోడి శుద్ధి చేస్తున్నారు. ఆ పని ఎప్పుడు ఆపవచ్చో చెప్పే తేదీ అంటూ ఏదీ లేదు.