కౌబ్ కొలత చూసి టికెట్ కొనండి: మధ్య రైన్ లోయలో పడవలు, బసలు

జర్మనీలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తే రైన్ పడవ ఎక్కించకుండా పంపరు. బింగెన్, రూడెస్‌హైమ్ నుంచి కోబ్లెంజ్ దాకా 65 కిలోమీటర్ల లోయ అది. 2002 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ఏ దిక్కున ఎక్కాలన్నదే ముందు తేల్చుకోవాలి. కోబ్లెంజ్‌లో ఎక్కితే ఏటికి ఎదురు వెళ్లాలి కాబట్టి రూడెస్‌హైమ్ చేరడానికి దాదాపు ఆరు గంటలు. రూడెస్‌హైమ్‌లో ఎక్కి వాలుకు దిగితే నాలుగు. పెద్దవాళ్లకు నాలుగు గంటలు కూడా ఎక్కువే, మూడో కోట తర్వాత కునుకు తీస్తారు. బాఖరాఖ్‌లో ఎక్కి సాంక్ట్ గోఆర్‌లో దిగండి, సుమారు గంట ప్రయాణం. లోయలో చూడదగ్గ ముక్క అదే. కుడి వైపు కూర్చోవాలి, ఎందుకంటే కౌబ్ ఊరూ, 132 మీటర్ల లోరెలై కొండా కుడి ఒడ్డునే వస్తాయి. తిరుగు ప్రయాణం రైల్లో. డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు రీజనల్ రైళ్లకు చెల్లుతుంది, పడవకు చెల్లదు.

టికెట్ కొనే ముందు ఎల్విస్ అనే జర్మన్ జలమార్గాల వెబ్‌సైట్‌లో కౌబ్ నీటిమట్టం చూడండి. బాసెల్ నుంచి ఇఫెజ్‌హైమ్ వరకు పది చోట్ల లాకులున్నాయి, అక్కడ నీళ్లు మన చేతిలో ఉంటాయి. ఇఫెజ్‌హైమ్ దాటాక సముద్రం దాకా ఒక్క లాకూ లేదు. వానలు, ఆల్ప్స్ మంచు ఎంత ఇస్తే అంతే. ఆ దారిలో పెద్ద ఓడలు ఎంత బరువు మోయగలవో తేల్చే మెరక కౌబ్ దగ్గరుంది. వెబ్‌సైట్‌లో కనిపించే అంకెను లోతనుకోవద్దు. కొలబద్ద సున్నా నది అడుగున లేదు. అంకెకు సుమారు 112 సెంటీమీటర్లు కలిపితే ఓడల దారిలో లోతు వస్తుంది. 78 అని ఉంటే 1.90 మీటర్లన్నమాట. 2018 అక్టోబరులో ఆ అంకె 25కి పడిపోయింది.

అలాంటప్పుడు సరుకు ఓడలు ఆగిపోవు, తక్కువ బరువుతో నడుస్తాయి. 110 మీటర్ల ఓడ నిండా ఎక్కిస్తే దాదాపు 3000 టన్నులు మోస్తుంది. నీళ్లు తగ్గితే అందులో పావు వంతు మోయడమూ కష్టమే. అదే సరుకుకు నాలుగు ఓడలు కావాలి, కిరాయి మీద తక్కువ నీటి సర్‌ఛార్జి పడుతుంది. 2018లో లుడ్విగ్స్‌హాఫెన్‌లోని రసాయనాల కంపెనీ బీఏఎస్ఎఫ్‌కు దీనివల్ల సుమారు 25 కోట్ల యూరోల నష్టం. లోయలో తిరిగే పడవలకు లోతు అంతగా అక్కర్లేదు గానీ, కొన్ని రేవుల్లో ఆగడం మానేస్తాయి. మీరు దిగాల్సిన రేవు ఆ రోజు ఉందో లేదో పొద్దున్నే అడగండి. నీళ్లు మరీ ఎక్కువైనా ఇబ్బందే. కౌబ్‌లో 460 దాటితే నౌకలకు ఆంక్షలు, 640 దాటితే రాకపోకలు బంద్. మంచు కరిగే మే, జూన్ నెలలు నమ్మకమైనవి. ద్రాక్ష కోతల సెప్టెంబరు, అక్టోబరు అందంగా ఉంటాయి, నీటికి మాత్రం గ్యారంటీ లేదు.

కౌబ్ ఎదుట నది మధ్యలో తెల్లటి ఓడలా నిలబడ్డది ప్ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్. 1327లో సుంకం వసూలుకు కట్టిన కోట. 1868 మన్‌హైమ్ ఒప్పందంతో రైన్ మీద రవాణా స్వేచ్ఛ ఖాయమైంది, ప్రయాణ సుంకాలు లేవు. రోటర్‌డామ్ కంటైనర్ బాసెల్ దాకా నీటి మీద రావడానికి ఆధారం అదే. కోట గోడ పక్కనుంచి పోయే ట్యాంకర్ల మీద నీలం శంకువులు లెక్కపెట్టండి. ఒకటి ఉంటే మండే సరుకు, రెండుంటే ఆరోగ్యానికి హాని చేసేది. ఎగువకు వచ్చే ఓడ కుడి వైపు నీలం పలక, దాని మధ్య మెరిసే తెల్లదీపం చూపిస్తే, ‘నీ కుడి పక్క నా కుడి పక్కకు వచ్చేలా దాటుదాం’ అని ఎదుటివాడికి చెబుతున్నట్టు. ఎదురెక్కే సరంగు మాటే చెల్లుతుంది, వాలుకు వచ్చే ఓడా అదే పలక చూపాలి. లోరెలై మలుపులో ఇది ఆట కాదు. 2011 జనవరిలో 2400 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వస్తున్న ట్యాంకర్ అక్కడే తిరగబడి, వారాల తరబడి రాకపోకలకు అడ్డం పడింది.

బస దగ్గర చాలామంది నది కనబడే గదికి డబ్బు ఎక్కువిచ్చి నిద్ర పోగొట్టుకుంటారు. రెండు ఒడ్డులా రైలు పట్టాలే, రాత్రంతా గూడ్సు బళ్లు తిరుగుతాయి. బాఖరాఖ్‌లోనైనా, సాంక్ట్ గోఆర్‌లోనైనా పెరటి వైపు గది అడగండి. బాఖరాఖ్ పైన ష్టాలెక్ కోట యూత్ హాస్టల్‌గా నడుస్తోంది. దృశ్యం గొప్పదే, పెట్టెలతో ఎక్కాల్సిన మెట్లు మోకాళ్ల నొప్పులవాళ్లకు వద్దు. ఈ చిన్న ఊళ్లకు దూరంగా ఉన్నా పర్లేదనుకుంటే కోబ్లెంజ్ నయం, తిండికీ రైళ్లకూ వెతుక్కోనక్కర్లేదు. ఆగస్టు రెండో శనివారం మాత్రం అక్కడ బాణసంచా పండుగ, గదులు దొరకవు.

శాకాహారులకో మాట. ఫ్లామ్‌కూఖెన్ చూస్తే పల్చటి పిజ్జాలా ఉంటుంది, మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు. ‘ఓనె ష్పెక్’ (పంది మాంసం లేకుండా) అనండి.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బాసెల్‌కు వారం రోజుల క్రూజ్ ఖరీదైన వ్యవహారం. మామూలుగా ఓడలు 135 మీటర్ల పొడవు, 11.4 మీటర్ల వెడల్పు. రైన్ వైపు నుంచి డాన్యూబ్ నదికి దారిచ్చే మైన్-డాన్యూబ్ కాలువ లాకుల వెడల్పు 12 మీటర్లే కాబట్టి అంతకు మించి కట్టరు. కింది అంతస్తు గది చవక, కిటికీ నీటి అంచున, తెరుచుకోదు. వెనక చివర గదులకు ఇంజన్ రొద. పై బాల్కనీకి అదనంగా కట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి: రేవుల్లో ఓడలు పక్కపక్కనే కడతారు, పొద్దున తెర తీస్తే అడుగు దూరంలో ఎవరిదో పడకగది. నీళ్లు తగ్గితే కొంత దారి బస్సులో తిప్పుతారు. దానికి డబ్బు వెనక్కిస్తారా అన్నది షరతుల్లో చదివాకే కట్టండి. నాలుగు దేశాలైనా షెంగెన్ వీసా ఒక్కటి చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుస్తాయో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, అందుకే రేవుల వారీ పట్టిక ముందే తీసుకోండి.

సరుకు రవాణా చూడాలన్న సరదా ఉంటే ఈ లోయ వదిలి డూయిస్‌బర్గ్ వెళ్లండి. ష్వానెంటోర్ దగ్గర రేవు చుట్టూ తిప్పే పడవ ఎక్కితే బొగ్గు గుట్టలు, పాత ఇనుము, కంటైనర్లు దగ్గరగా కనిపిస్తాయి.

మైంజ్ దాటాక కోబ్లెంజ్ దాకా నది మీద వంతెన లేదు. సాంక్ట్ గోఆర్ నుంచి ఎదుటి ఒడ్డుకు పోవాలంటే పంటే గతి, నర్సాపురం-సఖినేటిపల్లి పంటులాగే కార్లూ మనుషులూ కలిసి దాటుతారు. ఆఖరి పంటు వేళ రేవు బోర్డు మీద చూసుకుని అవతల భోజనానికి కూర్చోండి. అది తప్పితే కోబ్లెంజ్ చుట్టూ తిరిగి రావాలి.