స్పితికి ఏ దారి మేలు? సిమ్లా మీదుగానా, మనాలి మీదుగానా?

మొన్న మా ఆఫీసు కుర్రాళ్లు నలుగురు లంచ్ టైములో నా బల్ల దగ్గరికొచ్చారు. సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు వెళ్తున్నారట. అక్కడి ముఖ్యమైన ఊరు కాజా. అందులో ఒకడు ఫోన్లో మ్యాపు తీసి చూపించాడు. "అన్నా, మనాలి నుంచి కాజాకి 200 కిలోమీటర్లే. సిమ్లా నుంచైతే 400 పైనే. ఇందులో ఆలోచించడానికేముంది?"

మూడేళ్ల కిందట నేనూ, నా స్నేహితులూ సరిగ్గా ఇదే లెక్క వేసుకుని బయల్దేరాం. కాజా చూడకుండానే తిరిగొచ్చాం. కిందటేడు సిమ్లా వైపు నుంచి మళ్లీ వెళ్లి, అన్నీ చూసుకుని మనాలి వైపు దిగాం. అంటే రెండు దారుల్లోనూ వెళ్లిన అనుభవం ఉంది, ఒకదాని చేత దెబ్బ తిన్న అనుభవం కూడా ఉంది. అందుకే వాళ్లకు చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు దారుల సంగతి. మనాలి నుంచైతే అటల్ టన్నెల్ దాటి, అవతల కుడివైపు తిరిగి, కోక్సర్, గ్రాంఫూ, ఛత్రూ, బాతల్ మీదుగా కుంజుం కనుమ ఎక్కి, లోసర్ దగ్గర స్పితిలోకి దిగుతాం. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు కాజా చేరొచ్చు. సిమ్లా నుంచైతే నార్కండ, రాంపూర్, రెకాంగ్ పియో మీదుగా సట్లెజ్ నది పక్కనే కిన్నౌర్ జిల్లా అంతా దాటి, ఖాబ్ దగ్గర స్పితి నదిని పట్టుకుని, నాకో, తాబో మీదుగా కాజా. ఒక్క రోజులో అయ్యే పని కాదు. కనీసం మూడు రోజులు, హాయిగా వెళ్లాలంటే నాలుగైదు.

మ్యాపు కిలోమీటర్లు చూపిస్తుంది గానీ మీటర్లు చూపించదు. మాకు తగిలిన దెబ్బ అక్కడే. మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు. లంబసింగిలో చలికి వణికితేనే గొప్పగా చెప్పుకుంటాం. మనాలి 2,050 మీటర్లు. కుంజుం కనుమ 4,550 మీటర్ల పైన. చంద్రతాల్ సరస్సు దాదాపు 4,250 మీటర్లు. పొద్దున మనాలిలో టిఫిన్ చేసి, రాత్రికి చంద్రతాల్ క్యాంపులో పడుకుంటే ఒక్క పగట్లో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కినట్టు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని డాక్టర్లు చెప్పే లెక్క. మేం ఎన్ని రెట్లు మీరామో చూసుకోండి.

మా గుంపులో అందరికంటే గట్టివాడు బ్యాంకులో పనిచేసే మిత్రుడు. రోజూ జిమ్ము, ఏడాదికో మారథాన్. ఆ సాయంత్రం క్యాంపులో వాడు అన్నం తినలేదు. "గ్యాస్ పట్టినట్టుంది బావా" అని ఒక మాత్ర వేసుకుని పడుకున్నాడు. ఎత్తు ప్రాంతాల్లో వచ్చే జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. దానికి కండలతో పనిలేదు. పైగా స్నేహితుల మధ్య ఉన్నప్పుడు తలనొప్పి ఉందని ముందుగా ఒప్పుకునేవాడు ఎవడూ ఉండడు. అందరి ట్రిప్పూ తన వల్ల పాడవుతుందని ప్రతివాడూ దాచుకుంటాడు. రాత్రి ఒంటిగంటకు వాంతులు మొదలయ్యాయి. టెంట్ బయట టార్చి వెలుగులో చూస్తే మనిషి నిలబడలేకపోతున్నాడు, నాలుగు అడుగులకు ఆయాసం.

కిందికి దింపాలి. ఏది కింద? అప్పుడు తెలిసింది అసలు ఇరకాటం. ముందుకు వెళ్లి కాజా ఆసుపత్రి చేరాలంటే ముందు కుంజుం ఎక్కాలి, అంటే ఇంకో 300 మీటర్లు పైకి. వెనక్కి వెళ్తే బాతల్, అదీ 4,000 మీటర్లకు కాస్త తక్కువే. అక్కడి నుంచి గ్రాంఫూ దాకా దాదాపు 50 కిలోమీటర్లు రాళ్లూ వాగులూ, రాత్రిపూట ఎవరూ బండి తీయరు. మా డ్రైవరు కుల్లూ అతను. "భాయ్‌జీ, వెలుగు రానివ్వండి" అన్నాడు. ఐదింటి దాకా వాణ్ని కూర్చోబెట్టి, వీపుకు బ్యాగులు ఆనించి, వేడినీళ్లు తాగిస్తూ గడిపాం. తెల్లవారగానే వెనక్కి. మధ్యాహ్నానికి సిస్సూ చేరేసరికి, అంటే 3,100 మీటర్లకు దిగేసరికి, వాడు రెండు ఆలూ పరాఠాలు తిని, "మళ్లీ పైకెళ్దామా?" అన్నాడు. కొట్టలేదంతే.

ఇప్పుడు సిమ్లా దారి చూడండి. సిమ్లా 2,200 మీటర్లు. నార్కండ 2,700. కల్పా 2,960. తాబో 3,280. కాజా 3,650. ఎవరో కావాలని కట్టిన మెట్లలా ఉంటుంది. మధ్యలో నాకో ఒక్కటే 3,660 మీటర్లు. దాన్ని మధ్యాహ్నం చూసేసి, రాత్రికి తాబో దిగిపోతే సరి. పగలు ఎత్తెక్కి, రాత్రి కాస్త కింద పడుకోవడం ఒంటికి మంచిది. రెండోసారి అదే బ్యాంకు మిత్రుడు మాతో వచ్చాడు. కాజాలో దిగిన సాయంత్రం కాస్త తల బరువుగా ఉందన్నాడు, ఈసారి దాచలేదు. తెల్లారేసరికి తగ్గిపోయింది. మూడు రాత్రులు అక్కడున్నాం. కీ గొంపా (బౌద్ధ మఠం) 4,166 మీటర్లు, లాంగ్జా 4,400, కోమిక్ 4,580 మీటర్ల పైన. అన్నీ పగటిపూట చూసి కాజాకే దిగాం. హిక్కింలోని పోస్టాఫీసు నుంచి వాళ్లావిడకు కార్డు రాశాడు, "మందులేమీ వాడలేదు" అని. మందుల సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి: ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఏమీ కాదని ఎవరో చెప్పారని కొని మింగేయకండి. సల్ఫా మందులు పడనివాళ్లుంటారు, డాక్టరును అడగాలి.

అందం విషయంలో మాత్రం పోటీ పెట్టలేం, రుచులు వేరు. మనాలి దారిలో బాతల్ దాకా మనుషులు బతికే ఊళ్లు దాదాపు లేవు. చంద్రా నది, ఎదురుగా బడా శిగ్రీ హిమానీనదం, రాళ్లు, గాలి. ఒక్క రోజులో అంత ఖాళీని చూస్తే నోట మాట రాదు. సిమ్లా దారి కథలా నడుస్తుంది. రాంపూర్ దాకా మామూలు కొండలు, తర్వాత సట్లెజ్ లోయ ఇరుకైపోతుంది, రోడ్డును కొండ కడుపులో తొలిచి వేసిన చోట్ల బండి మీద రాతి గొడుగు. కల్పాలో పొద్దున కిన్నెర్ కైలాస్ మీద ఎండ పడుతుంటే, చుట్టూ సెప్టెంబరులో ఆపిల్ చెట్లు కాయలతో ఒంగిపోయి ఉంటాయి. ఖాబ్ దగ్గర వంతెన దాటాక చెట్లు మాయం. ఒక మలుపుకు ముందు పచ్చగా ఉన్న ప్రపంచం, మలుపు తిరిగాక మట్టిరంగు. వానమబ్బు ఎక్కడ ఆగిపోతుందో కళ్లతో చూసినట్టే.

ఇక తాబో. 996లో కట్టిన గొంపా. బయటి నుంచి చూస్తే మట్టిగోడల గోడౌనులా ఉంటుంది, మా వాళ్లలో ఒకడు "ఇదేనా?" అన్నాడు కూడా. లోపల చీకటి, ఫొటోలు తీయనివ్వరు. కళ్లు అలవాటుపడ్డాక, గోడల చుట్టూ మనిషెత్తులో మట్టిబొమ్మలు ఒక్కొక్కటీ బయటపడతాయి. వాటి వెనక వెయ్యేళ్ల నాటి రంగులు. గంటసేపు ఎవరమూ మాట్లాడుకోలేదు. మా గుంపు విషయంలో అది చిన్న సంగతి కాదు. మనాలి నుంచి వచ్చి మనాలికే పోయేవాళ్లలో చాలామంది కాజా, కీ చూసుకుని తిరిగిపోతారు, తాబో దాకా దిగరు.

అయితే సిమ్లా దారి సురక్షితం, మనాలి దారి ప్రమాదం అని తేల్చేయడం తప్పు. ప్రమాదాల రకం వేరు. కిన్నౌర్‌లో కొండచరియల భయం. 2021 జులై 25న సాంగ్లా లోయలో బట్సేరి దగ్గర కొండ పైనుంచి దొర్లిన బండరాళ్లు టూరిస్టుల వ్యాను మీద పడి 9 మంది పోయారు. ఆగస్టు 11న నిగుల్సరి దగ్గర కొండచరియ ఒక బస్సునూ మరికొన్ని బండ్లనూ కప్పేసి 28 మంది పోయారు. రెండూ వానాకాలంలోనే. అటు చంద్రతాల్ వైపు 2023 జులైలో దాదాపు 290 మంది మంచులో చిక్కుకుపోతే, దారి చేసి బయటికి తేవడానికి రోజులు పట్టింది. జులైలో మంచు! కాబట్టి జులై, ఆగస్టుల్లో రెండు దారులూ వద్దు.

ఈ మాట చెబితే మా కుర్రాళ్లు తలూపారు గానీ, ఇంకో మాట చెప్పినప్పుడు మాత్రం నిశ్శబ్దమైపోయారు. 2014 జూన్ 8న మనాలి వెళ్లే దారిలోనే, మండీ జిల్లాలో థలౌట్ దగ్గర, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటుండగా లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 24 మంది కొట్టుకుపోయారు. మేం రెండుసార్లూ ఆ చోటు దాటుతున్నప్పుడు బండిలో పాట ఆపేశాం. సిమ్లా దారిలోనూ ఇదే సంగతి: సట్లెజ్ మీద నాథ్‌పా, కర్ఛం అన్నీ డ్యాములే. నీళ్లు తక్కువగా ఉన్నాయి కదా అని ఏటి మధ్యకు దిగకండి. పైన ఎండగా ఉన్నా సరే.

వాగుల లెక్క కూడా తెలుసుకోవాలి. గ్రాంఫూ, బాతల్ మధ్య రోడ్డు మీదుగానే వాగులు పారతాయి. అవి మంచు కరిగి వచ్చే నీళ్లు. పొద్దున ఆరింటికి చీలమండ దాకా ఉన్న వాగు, ఎండెక్కాక మధ్యాహ్నం మూడింటికి మోకాలు దాటుతుంది. అందుకే అక్కడి డ్రైవర్లంతా చీకటితోనే బయల్దేరతారు. సెప్టెంబరు చివర్లో చలి ముదిరి కరగడం తగ్గుతుంది కాబట్టి వాగులూ తగ్గుతాయి. మొదటిసారి మేం మధ్యాహ్నం రెండింటికి ఒక వాగు మధ్యలో ఇరుక్కుని, ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు తాడేసి లాగితే బయటపడ్డాం. చిన్న కార్లకు ఆ దారి వద్దే వద్దు, బండి అడుగుభాగం రాళ్లకు తగులుతుంది. సిమ్లా దారిలో మాత్రం వ్యాగనార్‌లో పిల్లాపాపలతో వచ్చినవాళ్లను నాకో దగ్గర చూశాం.

మనాలి దారికి గట్టి మార్కులు పడేది రెండు చోట్ల. ఒకటి సెలవులు. సిమ్లా నుంచి ఎక్కి మనాలి వైపు దిగాలంటే చండీగఢ్ నుంచి చండీగఢ్‌కు తొమ్మిది పది రోజులు కావాలి. మన ఆఫీసుల్లో అన్ని సెలవులు ఒకేసారి దొరకడం కష్టమే. రెండోది పర్మిట్. మీ గుంపులో అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడు ఉండి, వాడి పాస్‌పోర్టు కూడా అమెరికాదే అయితే, కిన్నౌర్ నుంచి స్పితిలోకి వెళ్లడానికి పర్మిట్ తీసుకోవాలి. ఓసీఐ కార్డు ఉన్నా సరే. మనకు అక్కర్లేదు. మనాలి నుంచి కాజా దాకా ఆ బెడద ఎవరికీ లేదు.

ఆ రెండూ లెక్కలోకి తీసుకున్నా నా ఓటు మారదు. పది రోజులుంటే సిమ్లా నుంచి ఎక్కి, కాజాలో మూడు రాత్రులుండి, చివర్లో చంద్రతాల్ మీదుగా మనాలి దిగండి. అప్పటికి ఒళ్లు ఎత్తుకు అలవాటుపడి ఉంటుంది కాబట్టి అదే చంద్రతాల్ స్వర్గంలా ఉంటుంది. సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, క్యాంపులు రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే. ఏడెనిమిది రోజులే ఉంటే సిమ్లా నుంచి వెళ్లి సిమ్లాకే తిరిగి రండి, చంద్రతాల్ వదిలేయండి. ఐదు రోజులే ఉంటే స్పితి మాట ఎత్తకండి, కిన్నౌర్‌లోని కల్పా, ఛిత్కుల్ చూసి రండి. కుర్రాళ్లకు ఈ చివరిది నచ్చలేదు.

మిగతావి గబగబా. కిన్నౌర్ వైపు రెకాంగ్ పియో కింద పోవారీలో పెట్రోలు నింపుకోండి, తర్వాత కాజాలోనే. మనాలి వైపు అయితే మనాలి తర్వాత కాజా దాకా బంకు లేదు. కాజాలో ఏటీఎం ఉంది గానీ దాన్ని నమ్ముకోకండి, నగదు తీసుకెళ్లండి. గ్రాంఫూ నుంచి లోసర్ దాకా మా ఫోన్లలో ఒక్క గీత కూడా కనిపించలేదు, ఇంట్లో ముందే చెప్పి బయల్దేరండి. ఇంకోటి, ఇది మా ఆవిడ చెప్పమన్నది: ఆవకాయ సీసా తీసుకెళ్తే పైన మూత తిప్పేటప్పుడు మొహానికి దూరంగా పెట్టుకోండి. కింద ఇంట్లో బిగించిన సీసాలో గాలి అక్కడ ఉబ్బి ఉంటుంది, చిప్స్ ప్యాకెట్లు బెలూన్లయినట్టే. లోసర్ దగ్గర మా స్నేహితుడి తెల్ల స్వెట్టరు మీద పడ్డ నూనె మరక ఇప్పటికీ పోలేదు.